తువ్వాల కింద మూడో చెయ్యి

పందొమ్మిది వందల అరవై మూడు ఎండాకాలం మొదట్లో యాలాల్ ఊరి మల్లప్ప దగ్గర ఉన్న సొత్తు చెప్పుకుంటే ఇంతే. అమ్ముడుపోక మేత దండగగా నిలబడ్డ ఎడ్లజత ఒకటి. నోరు తెరిచి పళ్ళు చూడకుండానే, నడకను బట్టి ఎద్దు వయసు చెప్పగల కన్ను. మొగులమ్మ అనే పెళ్ళాం. ఆమె ఎదురు మాట్లాడదు, కానీ ఆమె ఒప్పుకోని పని ఆ ఇంట్లో సాగదు. భుజం మీద తువ్వాల. ఆ పైన, ఎవరూ ముట్టుకోని చర్మం.

ఆ చివరిది చేరి ముందువాటన్నిటి విలువా తీసేసింది.

తాండూరు పశువుల అంగడిలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా నిలబడి, కుడిచేతులు కలిపి, వాటి మీద తువ్వాల కప్పుకుంటారు. గుడ్డ కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుంటారు. పట్టుకున్న వేళ్ళను బట్టి ధర. అరచెయ్యి నొక్కితే ఒప్పుకున్నట్టు, తోసేస్తే వద్దన్నట్టు. చుట్టూ ఎంతమంది నిలబడి చూసినా ధర ఆ రెండు చేతుల మధ్యనే ఉంటుంది. కుదిరాక ఇద్దరూ ఒకే ముంతలోంచి కల్లు తాగుతారు. తాగనంతవరకు అది ఉత్త మాట. తాగిన తరువాత ఎద్దు ఇంటిదారిలో కూలబడి చచ్చినా, వెనక్కి తీసుకొమ్మని అడిగేవాడు ఉండడు.

ఇరవై ఏళ్ళుగా మల్లప్ప ఆ తువ్వాల నీడలోనే తిండి సంపాదించుకున్నాడు. మోచేతుల మీద ఎర్రమచ్చలు లేచినప్పుడు పొడుగు చేతుల అంగీ తొడుక్కున్నాడు. నడుముకు పాకినప్పుడు ఎవరికీ కనబడదులే అనుకున్నాడు. మచ్చలు ముంజేతులు దాటి వేళ్ళ మీదికి దిగాక దాచడానికి తావు లేకపోయింది. మచ్చ మీద వెండిరంగు పొలుసు. గోకితే ఊక రాలినట్టు రాలేది, కింద నెత్తురు చుక్కలు పొడిచేవి. గోళ్ళ నిండా సూదితో పొడిచినట్టు సన్నని గుంటలు. పొద్దున్నే మొగులమ్మ పక్కబట్ట దులిపి ఊడిస్తే చేటలో తెల్లగా పోగయ్యేది.

ఆ మాఘంలో బొంరాస్‌పేట రైతు ఒకడు బేరానికి చెయ్యి పెట్టి, వేళ్ళు తగలగానే వెనక్కి గుంజుకున్నాడు. గుంజుకున్న చేతిని ఎద్దు వీపుకు తుడుచుకున్నాడు. "నీ అవ్వ రోగం నీకు దిగింది గదనే మల్లప్పా," అన్నాడు కోపమేమీ లేకుండానే, వాన పడేటట్టుంది అన్నట్టుగా. ఆ రోజు నుంచి ఎవరూ అతని తువ్వాల కింద చెయ్యి పెట్టలేదు.

మల్లప్ప తల్లి బీరమ్మకు ఇలాంటి పొలుసులే ఉండేవి. ఊరు దాన్ని పెద్దరోగం అంది, అంటే కుష్టు. మల్లప్ప చిన్నప్పుడే ఆమె ఇల్లు వదిలి, పెరటి వెనక పశువుల కొట్టంలో ఒక మూల పక్క వేసుకుంది. పొమ్మని ఎవరూ అనలేదు, అనకముందే పోయింది. పిల్లవాడు దగ్గరికి వస్తే చెయ్యి మీద కొంగు కప్పుకునేది. తన తండ్రి దగ్గర చూసి నేర్చుకున్న బేరపు వేళ్ళ లెక్కలన్నీ ఆ కొంగు కిందే కొడుకుకు నేర్పింది. ఇది ఇంత, ఇది ఇంత, తోస్తే వద్దు. గుడ్డ లేకుండా ఆమె అతన్ని ఒక్కసారి ముట్టుకోలేదు. పోలీసు చర్య జరిగిన ఏడు, ఊళ్ళో సగం మంది చేల వెంట పడి పారిపోయిన రోజుల్లో, ఆమె ఆ కొట్టంలోనే పోయింది. కడిగి మోయడానికి మల్లప్పా, ఒక మేనమామా తప్ప మనిషి దొరకలేదు.

కొట్టంలో అప్పుడప్పుడు గోకుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఎద్దు గుంజకు మెడ రాసుకుంటున్నదని మొగులమ్మ అంటుంది. ఎద్దులు అంగడికి పోయిన రోజు కూడా ఆ మాటే అంటుంది.

*

వికారాబాద్ డాక్టరమ్మ సంగతి చెప్పింది అజమత్. అతనూ తాండూరు అంగడిలో ఎడ్ల వ్యాపారే. ఒకే చెట్టు కింద ఇద్దరూ పశువులు కట్టేస్తారు కాబట్టి స్నేహితులు, ఒకే గిరాకీ కోసం చూస్తారు కాబట్టి పోటీదారులు.

"నా మరదలికి కాళ్ళకు గిసొంటియే ఉండె మల్లప్పన్నా. గా డాక్టరమ్మ సూది ఇచ్చింది. గిప్పుడు చెప్పుల్లేకుంట నడుస్తది, మంది చూడాలెనని."

"నేను బాగైతె నీకేం లాభం అజమత్ భాయ్?"

"నీ ఎడ్లు అమ్ముడువోక గీడనే నిలవడుతున్నయి. వాటి పేడంత నా దిక్కు. గంతే నా బాధ."

అంగడి మర్నాడు మల్లప్ప పొద్దుటి పాసింజరెక్కి వికారాబాద్‌లో దిగాడు. స్టేషను దగ్గరే చిన్న దవాఖానా. డాక్టరమ్మ మద్రాసు వైపు నుంచి వచ్చిన మనిషి. పుస్తకంలో రాసినట్టుండే తెలుగు. పక్కన సూదులు ఉడకబెడుతున్న నర్సు రాహేలమ్మ మాత్రం ఇక్కడి దౌల్తాబాద్ మనిషే.

డాక్టరమ్మ గుడ్డా తొడుగూ లేని చేతులతో అతని చేతులు రెండూ పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. బేరం కోసం తప్ప తన చెయ్యి మరొకరు పట్టుకోవడం ఎట్లా ఉంటుందో మల్లప్ప మరిచిపోయాడు. ఎంత ఇస్తుందోనని అలవాటు కొద్దీ ఆమె వేళ్ళు లెక్కపెట్టాడు.

"దీన్ని సోరియాసిస్ అంటారు," అందామె. "అంటుకోదు. ఒకరి నుంచి ఒకరికి రాదు. కుష్టు కానే కాదు."

"మా అమ్మకు కుష్టే ఉండెనమ్మా."

"ఆమె చర్మం స్పర్శ పోయి మొద్దుబారిందా? వేళ్ళు వంకర పోయాయా?"

"లేదమ్మా. గోకితే నెత్తురొచ్చేది. గోళ్ళు గిట్లనే గుంటలు వడి ఉండె."

డాక్టరమ్మ అతని గోళ్ళ గుంటలను వేలితో తడిమి చూసింది. "చూడకుండా ఖాయంగా చెప్పలేను. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి ఆమెకూ ఇదే ఉండి ఉండాలి."

మల్లప్పకు మిగతా మాటలు కొంతసేపు వినబడలేదు. కొట్టం, మూలన పక్క, కొంగు కప్పిన చెయ్యి. అంటుకోని రోగానికి అన్నేళ్ళు. ఎవరికి కట్టినట్టు అది? ఏ ఖాతాలో రాసుకోవాలి?

తేరుకునేసరికి ఆమె మందు గురించి చెబుతున్నది. రాహేలమ్మ రక్తం తీసే సూది కోసం వెనకగదిలోకి పోయింది. మందు బొంబాయి నుంచి తెప్పించాలి. రాచపుండుకు, అంటే క్యాన్సరుకు చేసిన మందు. కొద్ది మోతాదులో ఇస్తే ఈ పొలుసులను అణుస్తుందని ఈ మధ్యనే తెలిసింది. వారానికి ఒక్కసారి, పిర్రకు సూది. ఎట్టి పరిస్థితిలోనూ రెండోసారి కాదు. ముందు రక్తం, మూత్రం చూడాలి. తరువాత కూడా నెల నెలా చూస్తూ ఉండాలి. సూది పడిన మర్నాడు కడుపులో తిప్పుతుంది, అన్నం సహించదు, ఒళ్ళు బరువెక్కుతుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. నోట్లో పుండ్లు లేచినా, జ్వరమొచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే రావాలి. మొదటి నెల ఏమీ కనిపించదు, దిగులు పడకూడదు. తరువాత పొలుసు పలచబడుతుంది, మచ్చ చదునవుతుంది. గోళ్ళు అన్నిటికన్నా ఆఖరున బాగవుతాయి.

"ఇంకో సంగతి. ఇది రోగాన్ని వేళ్ళతో సహా పెరికెయ్యదు. నొక్కి పెడుతుంది. ఆపితే తిరిగి రావచ్చు. ఈ మందు భారం కాలేయం మీద పడుతుంది, కాబట్టి సారా, బ్రాందీ లాంటివి పూర్తిగా మానెయ్యాలి. తాగుతారా?"

"సారా వాసన కూడ మా ఇంట్ల ఉండదమ్మా," అన్నాడు మల్లప్ప. అది నిజం. సారా తాగి వచ్చినవాణ్ణి అతను బేరానికి కూడా నిలబెట్టుకోడు. ఆమె రాసుకుంది.

కల్లు సంగతి ఆమె అడగలేదు, అతనికి తట్టలేదు. ఆ ప్రాంతంలో కల్లును తాగుడు కింద ఎవరూ లెక్కవెయ్యరు. ఎండకు వచ్చినవాడికి ఇస్తారు, బాలింతకు ఇస్తారు, పిల్ల ఏడిస్తే ఒక చుక్క నాకిస్తారు. పెళ్ళి ఖాయమైనా, పంచాయితీ తెగినా, ఎద్దు చేతులు మారినా కల్లు. అది మర్యాద. మర్యాదను ఎవరైనా మానేస్తారా?

రక్తం పరీక్ష అయ్యి, మందు వచ్చాక, రాహేలమ్మ మొదటి సూది వేసింది. సన్నటి పసుపునీళ్ళలా ఉంది మందు.

"నొచ్చిందా?"

"ఎద్దు కొమ్ము తగిలినంత లేదు సిస్టరమ్మా."

"రేపు చెప్తవు తియ్యి," అంది ఆమె.

*

మర్నాడు చెప్పినట్టే అయింది. జొన్నరొట్టె కాలుతున్న వాసనకే కడుపు దేవింది. రోజంతా పడుకున్నాడు. అందుకే అంగడి మర్నాడే సూది రోజుగా పెట్టుకున్నాడు. మళ్ళీ అంగడి వచ్చేలోపు మనిషి లేచి నిలబడేవాడు.

మొదటి నెల గడిచింది. సరుకు చూడకుండా బయానా ఇచ్చిన వాడిలా ఉంది మల్లప్పకు. "ఏం మారింది?" అని అడిగితే మొగులమ్మ చేటలోకి చూసి, "ఏం మారలే," అనేది. తరువాత ఒక పొద్దున్న ఆమె ఊడుస్తూ ఊడుస్తూ ఆగింది. చేట అతని ముందు పెట్టి, మాట్లాడకుండా పోయింది. అందులో దుమ్ము ఉంది, గడ్డిపరక ఉంది. తెలుపు కొంచెమే ఉంది.

రోహిణి ఎండలు వచ్చేసరికి చేతుల మీద మచ్చలు గులాబీరంగుకు తిరిగి చర్మంలో కలిసిపోయాయి. వీపు, నడుము తేరుకున్నాయి. గోళ్ళ గుంటలు మాత్రం అలాగే ఉన్నాయి. మొగులమ్మ అతని అరచెయ్యి తీసుకుని మొక్కజొన్న కంకిని చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. "కొత్త చెయ్యి," అంది. ఆ చెప్పడంలో సంతోషం ఎంత ఉందో, భయం అంత ఉంది.

చర్మం బాగవుతున్న కొద్దీ కొట్టంలో గోకుడు ఎక్కువైంది. ఇప్పుడు పట్టపగలు కూడా వినిపిస్తోంది. తను గోకడం మానేశాడు కాబట్టి వినిపిస్తోందని మల్లప్ప తనకు తాను చెప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ తన గోకుడులో అది కలిసిపోయి ఉంటుంది.

ఏరువాక ముందు అంగడి కిక్కిరిసింది. దుక్కికి ఎడ్లు కావలసినవాళ్ళంతా వచ్చారు. మల్లప్ప అంగీ చేతులు మోచేతుల దాకా మడిచి, చెట్టు కింద నిలబడ్డాడు.

"చూసుకో, మంచిగ చూసుకో," అని అరుస్తున్నాడు అజమత్, ఎద్దును చూపిస్తున్నట్టే. "నున్నగున్నది, మచ్చ లేదు, సుడి లేదు. పెండ్లికొడుకు లెక్కున్నడు మా మల్లప్పన్న."

దౌల్తాబాద్ నుంచి వచ్చిన అంజిలయ్య అనే రైతు నవ్వి, ఎద్దుల కాళ్ళు, గిట్టలు చూసి, కాసేపు మల్లప్ప చేతులు చూసి, కుడిచెయ్యి చాపాడు. మల్లప్ప తువ్వాల కప్పాడు. వేళ్ళు కలిశాయి. అంజిలయ్య వెనక్కి గుంజుకోలేదు. ధర పైకి పోయింది, కిందికి దిగింది, మధ్యలో నిలిచింది. మంచి ధర. ఒప్పుకుని అరచెయ్యి నొక్కబోయాడు.

అప్పుడు తువ్వాల కింద ఇంకో చెయ్యి ఉంది.

ఎండిన కంది పొట్టులా తేలికగా, గరుకుగా ఉంది. దాని గోళ్ళు మల్లప్ప మణికట్టు మీద ఆనాయి. గోళ్ళ మీది గుంటలు కూడా తెలిశాయి. అది అతని చేతిని మెల్లగా పక్కకు తోసింది. వద్దు.

మల్లప్ప చూశాడు. అంజిలయ్య ఎడమచేతిలో పగ్గం ఉంది. తన ఎడమచేతిలో తువ్వాల కొస ఉంది. అజమత్ దూరంగా బీడీ కాలుస్తున్నాడు. గుడ్డ రెండు చేతుల మందానే లేచి ఉంది.

"ఏమాయెనే? ఒప్పుకుంటవా, కొట్టేస్తవా?" అన్నాడు అంజిలయ్య.

మల్లప్ప ఆ మూడో చేతిని పట్టించుకోకుండా నొక్కాడు. బేరం కుదిరింది. కల్లు తెప్పించారు. ఒకే ముంత. అంజిలయ్య సగం తాగి ముంత ఇచ్చినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు మల్లప్పనే చూస్తున్నారు. అంజిలయ్య పెదవులు పెట్టిన చోటే తనవీ పెట్టి తాగాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే అతనికి ఆ రోజు దక్కిన అసలు ధర.

ఇంటికి పోయేదారిలో ఆలోచించాడు. చనిపోయినవాళ్ళు ఊరికే రారు; ఏదో రావలసి ఉంటేనే వస్తారు. బీరమ్మకు రావలసింది చాలా ఉంది. తను బాగై మనుషుల మధ్యకు పోతున్నాడు. ఆమె మాత్రం కొట్టంలోనే ఉంది. తట్టుకోలేక తోస్తున్నది. వాటా ఇస్తే ఊరుకుంటుంది.

తరువాతి అంగడి నుంచి ముంత చేతికి రాగానే ముందు కొంచెం నేల మీద ఒంచేవాడు. పోయినవాళ్ళ పేరున అలా పోసే కల్లును సాక అంటారు. పోసినవాడు మిగిలింది ప్రసాదంలా తాగాలి. మూడో చెయ్యి మాత్రం రావడం మానలేదు. ఒప్పుకునే క్షణంలోనే వచ్చేది, ప్రతిసారీ ఇంకా గట్టిగా తోసేది. సాక చాలడం లేదనుకుని మల్లప్ప రెండో ముంత తెప్పించేవాడు. ఆమె పేరున పోసి, ఆమె మిగిల్చిందని తాను తాగేవాడు. ఎన్ని బేరాలైతే అన్ని ముంతలు. మర్నాడు రైలు, సూది; ఆ మర్నాడు పడక.

"మస్తు పుణ్యం చేస్తున్నవు మల్లప్పన్నా," అన్నాడు అజమత్. "భూమికే నిషా ఎక్కింది."

ఆ వానాకాలమంతా మల్లప్ప చేతులు ఖాళీగా లేవు. జీవితంలో అంత వ్యాపారం అతను చెయ్యలేదు. మధ్యలో రక్తం ఇవ్వమని రాహేలమ్మ అడిగితే, వచ్చేవారం, వచ్చేవారం అన్నాడు. రక్తం ఇస్తే మధ్యాహ్నం బండి దాకా ఆగాలి, ఆగితే ఊళ్ళలో ఎడ్లు చూసి రావడానికి పొద్దు చాలదు. కడుపులో తిప్పుడు ఇప్పుడు వారమంతా ఉంటోంది. అది మందు ధర అనుకున్నాడు. ధర లేకుండా ఏదీ రాదు.

దసరా తరువాత ఒకరోజు మొగులమ్మ అతన్ని వాకిట్లో వెలుతురుకు నిలబెట్టి, కింది రెప్ప లాగి చూసింది.

"నీ కండ్లల్ల ఎవరన్న పసుపు కలిపిండ్రా?"

"ఎండకు గట్లనే కనవడ్తది."

"ఉచ్చ గూడ ఎండకేనా? బండెక్కుదువు నడువు. నేనొస్త."

*

డాక్టరమ్మ అతని పొట్ట కుడివైపు నొక్కింది. మల్లప్ప మూలిగాడు. ఆమె మొహం చూసి రాహేలమ్మ సూది పెట్టె మూసేసింది.

"సారా తాగారా?"

"ఒట్టమ్మా, ముట్టలే."

రాహేలమ్మ దగ్గరికి వచ్చి, వాసన చూడకుండానే అడిగింది. "కల్లు తాగినవా?"

"కల్లా? కల్లు తాగకుంటె బేరమెట్లయితది సిస్టరమ్మా?"

"ఎంత తాగినవ్?"

మల్లప్ప చెప్పాడు. సాక సంగతి, రెండో ముంత సంగతి చెప్పాడు. మూడో చెయ్యి సంగతి చెప్పలేదు. రాహేలమ్మ తలగుడ్డ సవరించుకుంటూ, "గదీ సారాయే, ఇదీ సారాయే. లోపలికి పోయినంక రెండిటి పనొక్కటే," అంది. డాక్టరమ్మ తన కాగితంలో సారా అని రాసిన చోట కల్లు అని కూడా చేర్చింది. "నేను అడగవలసింది," అంది.

సూది ఆగిపోయింది. చప్పిడి తిండి, విశ్రాంతి. యాలాల్‌లో కామెర్లకు పసరు పోసేవాడొకడు ఇంటికి వచ్చి కూర్చుంటే మొగులమ్మ చీపురు చూపించి బయటికి పంపింది. కామెర్లు మెల్లగా దిగాయి. అవి దిగుతుంటే పొలుసులు ఎక్కాయి. చలి ముదిరేసరికి మోచేతులు, ఆ తరువాత వేళ్ళు. అంగడికి పోవడం మానేశాడు. ఎప్పటిలాగే చేటలోకి తెలుపు చేరింది.

కొట్టంలో మాత్రం నిశ్శబ్దం. మల్లప్ప అక్కడికి పోయి, ఆమె పక్క ఉండే మూలన కూర్చుని, ఎడమచేతి మీద తువ్వాల కప్పి, దాని కింద కుడిచెయ్యి పెట్టి చూశాడు. తన వేళ్ళే తనకు తగిలాయి. గరుకుగా, గుంటలుపడ్డ గోళ్ళతో. ఏది ఎవరిదో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఆమె వద్దన్నది బేరాన్నా, మందునా, ముంతనా? లేక తనలాగే ఇక్కడ ఉండిపొమ్మని లోపలికి తోసిందా? అడిగితే చెప్పే మనిషి కాదు, బతికున్నప్పుడూ అంతే.

ఎండలు మొదలవగానే వికారాబాద్ పోయాడు. డాక్టరమ్మ మళ్ళీ రక్తం చూసింది. "ఇంకా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి చూడవచ్చు. రెండు వారాలకొకసారి రక్తం ఇవ్వాలి. కల్లు చుక్క కూడా ముట్టకూడదు. ముడితే నేనే ఆపేస్తాను."

"పండుగకొక ముంతమ్మా."

"లేదు."

"సగం ముంత."

"లేదు."

"పెదిమలకు తాకిచ్చి, ఊసేస్త."

రాహేలమ్మ నవ్వాపుకుంది. డాక్టరమ్మ నవ్వలేదు. చేతి మీద గుడ్డ వేసుకోని మనిషితో బేరం ఆడటం మల్లప్పకు రాదు. ఒప్పుకున్నాడు.

*

ఒప్పుకోవడం సులువే. చెట్టు కిందికి వచ్చి నిలబడ్డప్పుడే దాని బరువు తెలుస్తుంది.

"నువ్వు తాగవు గద అజమత్ భాయ్. నీ బేరాలెట్ల పక్కయితయి?"

"నేను ముసల్మాన్ని. నాకెవ్వడు ముంత చాపడు. చాయ్ తాగి లేస్తరు. నువ్వు తాగనంటె ఎందుకంటరు. మందు తీసుకుంటున్న అంటె, రోగమున్నదన్నట్టె గద." అజమత్ గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్. మెడల తులసిమాల ఏసుకో. పండరిపురం పోయొచ్చిన, మాల పడ్డది, కల్లు ముట్టనని చెప్పు. దండం పెట్టి మరీ బేరం చేస్తరు."

మంచి ఉపాయమే. మల్లప్ప దాన్ని ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు. ఆ అబద్ధం కొనడానికి ఖర్చేమీ లేదు. కానీ కొన్నాక రోజూ మేత వెయ్యాలి. భజనకు పోవాలి, ఏకాదశి ఉండాలి, ఏ పొలుసు ఎప్పుడు లేస్తుందోనని అంగీ చేతులు దించుకుని ఉండాలి. అంతకన్నా ఇంకోటుంది. అంటుకోని రోగానికి ఊరు పెట్టిన పేరును బీరమ్మ చచ్చేదాకా మోసింది. చచ్చాక కూడా ఆ పేరుతోనే ఆమెను తలుస్తారు. తను మాల వేసుకుంటే ఆ పేరు అలాగే నిలిచిపోతుంది.

ఆ ఏరువాక అంగడికి చేతులు మళ్ళీ తేరుకున్నాయి. పూర్తిగా కాదు, మెటికల మీద ఇంకా ఎరుపుంది. మొగులప్ప అనే మరో బొంరాస్‌పేట ఆసామి నల్లెద్దుకు చెయ్యి పెట్టాడు. బేరం సాగింది. ఒప్పుకునే చోటికి వచ్చింది. మల్లప్ప ఒళ్ళంతా చెవి చేసుకుని ఎదురుచూశాడు. మూడో చెయ్యి రాలేదు. నొక్కాడు. ముంత వచ్చింది. మొగులప్ప తాగి చాపాడు.

"నేను తాగ," అన్నాడు మల్లప్ప.

"అంటె? బేరం ఇష్టం లేదా?"

"ఇష్టమే. సూది మందు మీద ఉన్న, కల్లు వడదు. నాకున్నది పొలుసుల రోగం. అంటుకోదు. పెద్దరోగం కాదు." చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఇక ఆగితే మళ్ళీ చెప్పలేనని తెలిసి మల్లప్ప ఒకే ఊపున అన్నాడు. "మా అమ్మ బీరమ్మకు ఉన్నది గూడ గదే. ఆమెకు పెద్దరోగం లేదు. ఉత్తగనే కొట్టంల పండుకున్నది."

ఎవరో దగ్గారు. మొగులప్ప తన అరచేతిలోకి చూసుకున్నాడు, ముంతలోకి చూసుకున్నాడు. "గీ ముచ్చట చెయ్యి పెట్టకముందు చెప్పాలె మల్లప్పా," అని పగ్గం వదిలేశాడు. నల్లెద్దు ఉన్నచోటే నిలబడింది. సాయంత్రం దాకా ఆ చెట్టు కిందికి మరో మనిషి రాలేదు. అజమత్ తన గిరాకీలను తీసుకుని అవతలి చెట్టు కిందికి పోయాడు. పోతూ పోతూ మల్లప్ప ఎడ్లకు గడ్డి వేసి పోయాడు.

వాన పడ్డాక ఒక అంగడి రోజు, యాలాల్ పక్క పల్లె నుంచి బాల్‌రాజ్ అనే రైతు గబగబా వచ్చాడు. అతని ఎద్దు పాము కరిచి పోయింది, పొలం పదునులో ఉంది. అన్ని చెట్ల కిందా తిరిగి, తనకు అందే ధర ఎక్కడా దొరక్క, ఆఖరున ఇక్కడికి వచ్చాడు.

"నువ్వేనా గా సూదుల మల్లప్ప?"

"నేనే. తెలిసే వచ్చినవా?"

"తెలిసే వచ్చిన. ఎద్దుకు లేదు గద రోగం?"

"లేదు."

"కల్లు తాగెటానికి నాకూ టైము లేదు. పెట్టు చెయ్యి."

మల్లప్ప తువ్వాల కప్పాడు. బాల్‌రాజ్ వేళ్ళు నాగలి పట్టి కాయలు కాచి గరుకుగా ఉన్నాయి, గోళ్ళు చితికి ఉన్నాయి. ఒక్క క్షణం మల్లప్పకు అవి ఒకరివి కాదేమో అనిపించింది. గుడ్డ ఎత్తి చూడలేదు. తువ్వాల ఎత్తితే బేరం చెడుతుంది. ఆ వేళ్ళు ఎవరివైనా, ఈసారి తోసెయ్యలేదు. అరచెయ్యి నొక్కాయి.

ఎద్దు పోయింది. ముంత లేకుండానే బేరం నిలిచింది; మరుసటి అంగడికి కూడా ఎద్దును వెనక్కి తీసుకొమ్మని ఎవరూ రాలేదు.

ఆ మర్నాటి పాసింజరు బండిలో సూదికి పోతూ మల్లప్ప లెక్క తేల్చుకున్నాడు. పోయినవి: అంగడి గిరాకీలో ముప్పాతిక, కల్లు, అజమత్ పక్కన నిలబడే నీడ. వారానికొక రోజు కడుపుకి, ఒక రోజు రైలుకి. సూది ఉన్నంతకాలం ఉండే చర్మం, ఆగితే పోయే చర్మం. అది సొంతం కాదు, కౌలు. తల్లికి కుష్టు లేదన్న మాట పదిమంది చెవిన పడింది. నమ్మినవాళ్ళెందరో లెక్కకు దొరకలేదు, ఆమె నమ్మిందో లేదో అసలే దొరకలేదు. లాభం కింద, అన్నీ తెలిసీ గుడ్డ కింద పెట్టిన చెయ్యి ఒకటి.